కుశలప్రశ్న

పూర్వము మన ఇండ్లకు వచ్చిన ఉత్తరములన్నిటికిని తల ఒక్కటే. "ఇక్కడ మేమందరము క్షేమము, అక్కడ మీ క్షేమసమాచారములు వ్రాయగలరు" అని మొదలిడనిదే ఏ కార్డును తపాలాపెట్టె మెట్టు ఎక్కెడిది కాదు. ఇంటిలో ఒకరు మంచము పట్టినను, శెనక్కాయ పంట నిలువున ఎండినను, అప్పిచ్చినవాడు అరుగుమీద కూర్చున్నను ఆ మొదటి వాక్యము మారెడిది కాదు. అసలు సంగతి కార్డు చివర, సంతకమునకు పైని ఇరుకు చోటులో, రెండు పంక్తులలో అణగియుండెడిది. కార్డులు పోయినవి, అలవాటు పోలేదు. "బాగున్నారా?" అన్న "బాగున్నాము" అనుట నేటికిని మన మర్యాద. ఆరోగ్యవంతుల విషయమున ఈ మర్యాద వలన ఎవరికిని నష్టము లేదు. రొమ్ము క్యాన్సరుకు మందు ఎక్కించుకొనుచున్న స్త్రీ విషయమున ఇది చెల్లునా? ఆమె బాగున్నదో లేదో చెప్పు హక్కు ఎవరిది? ఈ ప్రశ్న మాకు గ్రంథములలో దొరకినది కాదు. మా బంధువుల ఇంటిలో, మగ్గము ప్రక్కన దొరకినది.

పావగడ తాలూకా కర్ణాటకములోని తుమకూరు జిల్లాకు చేరినదే యైనను, భూపటమున చూచినచో దాదాపు అన్ని దిక్కుల నుండియు ఆంధ్రభూమి దానిని చుట్టుకొనియున్నది. ఇంట తెలుగు, బడిలో కన్నడము, సంతలో రెండును. ఈ సంగతి ఇచ్చటి చదువరులకు మేము చెప్పవలసినది కాదు. ఆ తాలూకాలోనే వై.ఎన్. హొసకోట పట్టునేత మగ్గముల ఊరు. అక్కడ మాకు వరుసకు వదిన యగు ఒకావిడ ఉన్నది. ఏబది దాటిన మనిషి. పేరు చెప్పుట ఆమెకు ఇష్టము లేదు గనుక వదిన అనియే అందుము.

ఆమెకు రొమ్మున గడ్డ కనబడి, నగరములోని ఒక ఆసుపత్రిలో పరీక్షలు జరిగి, ముందు మందు ఎక్కించి గడ్డను చిన్నది చేసి, పిమ్మట శస్త్రచికిత్స చేయవలెనని నిశ్చయమైనది. మూడు వారముల కొకమారు చొప్పున ఎనిమిది మారులు. అనగా ఇంచుమించు ఆరు నెలలు. మొదటి నాలుగు మారులు ఎర్రని మందు, తరువాతి నాలుగు మారులు వేరొకటి. ఆరవ మారు ముగిసిన వారమునకు మేము చూడబోతిమి. నడవలో మా అన్నయు, వారి కుమారుడును కూర్చుండిరి. వదిన తలకు చీరచెంగు చుట్టుకొని గోడ కానుకొని ఉండెను. "ఎట్లుండావు వదినా?" అని మేమడిగితిమి. ఆమె నోరు తెరచులోపలనే అన్న, "బాగానే ఉండాది. అన్నం తింటాది, తిరుగుతాది" అనెను. కుమారుడు చేతిలోని ఫోనును చూపి, "రిపోర్టులన్నీ నార్మలే చిన్నాయనా. గడ్డ సగానికి సగం తగ్గిందంట, డాక్టరే చెప్పినాడు" అనెను. వదిన తల ఊపినది. కుశలప్రశ్న అంతటితో ముగిసినది.

కాఫీ లోటా తీసికొని వంటింటి గుమ్మము కడకు పోయినప్పుడు, జుట్టు రాలినందుకు ఆమె నొచ్చుకొనుచున్నదేమో యని తలచి, ఏదో ఓదార్పు మాట అనబోయితిమి. ఆమె చేయి అడ్డము పెట్టినది.

"జుట్టుదేముంది నాయనా, ఈ పొద్దు పోతే రేపు మొలుస్తాది. వేళ్ళకు పోగు తెలీకుండా పోయింది. అచ్చు అతికేదానికి కూచుంటే, పోగు చేతిలో ఉండాదో జారిపోయిందో చూసుకుంటే తప్ప నాకే తెలీదు."

నేతపని ఎరుగనివారి కొక మాట. ఒక పడుగు ముగిసి కొత్త పడుగు ఎక్కించునప్పుడు, కొత్త పోగు కొనను పాత పోగు కొనతో కలిపి వేళ్ళతో మెలివేసి అతుకవలెను. వేలకొలది పోగులు. వేళ్ళకు బూడిద రాచుకొని, మాటలాడుచునే, కన్ను అక్కడ పెట్టకయే చేయుదురు. ఆ పని కన్నులది కాదు, వ్రేలికొనలది. ముప్పది యేండ్లుగా వదిన చేసిన పని అది. ఇంటిలో ఆమె గౌరవము ఆ వ్రేలికొనల మీదనే నిలిచినది.

"డాక్టరుకు చెప్పితివా?" అంటిమి.

"పిల్లోడు చెప్పినాడు. నొప్పి మాత్రలిచ్చినారు."

తరువాత కుమారుని విచారింపగా తేలిన దేమనగా, తల్లి "తిమ్మిరి" అనగా అతడు కన్నడములో "కై నోవు" అని చెప్పినాడు. నోవు అనగా నొప్పి. తిమ్మిరిని కన్నడమున "జోము" అందురు; ఆ మాట అతనికి తెలియనిదా అన్న, తెలియును; తొందరలో నోట వచ్చినది నోవు. మరుసటి మారు వదిన మరల చెప్పలేదు. ఎందుకన, "చెప్పితే మందు నిలిపేస్తే ఏంగావాల?" అని.

ఇచ్చట అబద్ధమాడినవా రెవరును లేరని గమనింపవలెను. వైద్యుడు గడ్డ తగ్గినదని చెప్పెను; అది నిజము. రక్తకణముల లెక్క సరిగా ఉన్నదని కుమారుడు చెప్పెను, అదియు నిజము. అన్నము తినుచున్నదని భర్త చెప్పెను, చూచిన మాటయే. మూడు నిజములు చేరి ఒక మనిషి నోరు మూసినవి. మాకు ఆశ్చర్యము గలిగించినది ఇదియే. మా సంగతియు చెప్పవలెను. ఆమె బాధ జుట్టునుగూర్చి యని మేమును ముందే నిశ్చయించుకొని పోయితిమి. మేమును ఆమె బదులు సమాధానము చెప్పినవారమే.

మన భాషలో యోగక్షేమము లనెడి మంచి జంటమాట కలదు. లేనిదానిని పొందుట యోగమనియు, ఉన్నదానిని కాపాడుకొనుట క్షేమమనియు పెద్దలు అర్థము చెప్పిరి. ఈనాటి వైద్యశాస్త్రము జీవన నాణ్యత అనుచున్నది. మాకు ఈ పాతమాటయే ఎక్కువగా నచ్చినది. క్యాన్సరు వైద్యమున యోగమును చూచువారు అనేకులు. ఆయుస్సు నెట్లు సంపాదించుట, గడ్డ నెట్లు కరగించుట అనుదానికి మందులు, యంత్రములు, లెక్కలు ఉన్నవి. ఆ స్త్రీకి ఇదివరకే ఉన్నదానిని, అనగా చేతి నేర్పును, నాలుక రుచిని, నిద్రను, ఇంటిలో తన మాటకు గల విలువను కాపాడు క్షేమము ఎవరి పని? ఏది కాపాడదగినదో ఆమె చెప్పనిదే మన కెట్లు తెలియును?

ఈ ప్రశ్న వైద్యులకు తట్టక పోలేదు. 1948లో అమెరికాలో కార్నోఫ్‌స్కీ మొదలగువారు, అప్పటికి కొత్తగా వచ్చిన క్యాన్సరు మందుల ఫలితమును తూచుటకు నూరు నుండి సున్న వరకు ఒక కొలబద్ద చేసిరి. తన పనులన్నియు చేసికొనువాడు నూరు, మంచము పట్టినవాడు ముప్పది యిరువది, చనిపోయినవాడు సున్న. మంచి కొలబద్దయే, ఇప్పటికిని వాడుకలో ఉన్నది. కాని అంకె వేయువాడు వైద్యుడు. రోగిని అడుగు ప్రశ్నపత్రములు చాలకాలము తరువాత గాని రాలేదు. ఐరోపాలోని క్యాన్సరు పరిశోధన సంస్థవారు 30 ప్రశ్నల పత్రమును 1993లోను, రొమ్ము క్యాన్సరుకు ప్రత్యేకముగా 23 ప్రశ్నల పత్రమును 1996లోను ప్రకటించిరి. జుట్టు రాలెనా అని మాత్రమే గాక, రాలినందుకు మనసు కష్టపెట్టుకొంటివా అని కూడ అందులో అడుగుదురు. రెండును వేరు ప్రశ్నలని గుర్తించుట చిన్న సంగతి కాదు. ఆ దశకముననే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయమును నిర్వచించుచు, తాను బ్రదుకుచున్న సంస్కృతిలో, తన ఆశలను బట్టి, తన జీవితమును తాను ఎట్లు చూచుకొనుచున్నాడనునదే ప్రమాణమన్నది. అనగా వదిన విషయమున మగ్గమే ప్రమాణము.

అడిగినంత మాత్రమున ఏమగును అనువారికి ఒక లెక్క చెప్పుదుము. న్యూయార్కులోని స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో, క్యాన్సరు ముదిరి మందు ఎక్కించుకొనుచున్న 766 మందిని రెండు భాగములు చేసిరి. ఒక భాగము వారు తమ బాధలను ఎప్పటికప్పుడు తామే కంప్యూటరులో తెలుపుదురు; బాధ తీవ్రమైనచో నర్సుకు వార్త పోవును. రెండవ భాగము వారికి మామూలు పద్ధతి. 2017లో ప్రకటించిన ఫలితము చూడగా, తామే చెప్పుకొన్నవారు నడిలెక్కకు 31 నెలలు, మిగిలినవారు 26 నెలలు జీవించిరి. కొత్త మందు లేదు. బాధను అడిగిరి, విన్నవారు కదలిరి. క్షేమము యోగమునకు కూడ తోడైనది.

ఈ మందుల చరిత్రలో మన తెలుగువాని చేయి ఉన్నదని సంచికలలో గర్వముగా వ్రాసికొనుట కలదు. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైన మందులలో మెథోట్రెక్సేటు ఒకటి. 1970 దశకమున ఇటలీలో బొనడోన్నా రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స పిమ్మట ఇచ్చి చూచిన మూడు మందులలో అది చేరినది. ఆయన ఇద్దరు సోదరులు స్ప్రూ అను జబ్బుతో పోయిరి. దానికి మందు వెదకుటలోనే ఆయన ఫోలిక్ ఆమ్లపు మార్గమున పడెను. ఇంటి బాధను మరువని శాస్త్రజ్ఞుడు. గర్వించుట తప్పు కాదు గాని, ఆ మందు ఎక్కించుకొనుచున్న మన ఇంటి ఆడుపడుచును ఒక్కమారు సరిగా పలుకరించుట అంతకంటె ఆయనకు నచ్చియుండెడిదని మా ఊహ.

మన జనములో, చదువుకొన్నవారిలో సైతము, ఒక నమ్మకము పాతుకొనియున్నది. మందు ఎంత బాధించిన అంత బాగుగా పనిచేయుచున్నదని. చేదు మందే పనిచేయు ననెడి పాత తలంపునకు ఇది చెల్లెలు. శాస్త్రజ్ఞులును ఒకప్పుడు ఇట్లే తలంచిరి. 1980, 90 దశకములలో అమెరికా మొదలగు దేశములలో, ఎముకలలోని మూలుగ నాశమగునంతటి మోతాదులో మందు ఇచ్చి, ముందుగా తీసియుంచిన మూలకణములను మరల ఎక్కించు పద్ధతి రొమ్ము క్యాన్సరుకు విరివిగా వాడిరి. వేలమంది స్త్రీలు ఆ నరకమును అనుభవించిరి. మేలు జరిగినదని చెప్పిన దక్షిణాఫ్రికా వైద్యుని లెక్కలు కల్పితములని 2000లో బయటపడినది. నిజాయితీగా జరిగిన పరీక్షలు అధిక మోతాదు వలన ఆయుస్సు పెరుగలేదని తేల్చినవి. తరువాత 2018లో మరియొక పెద్ద పరిశోధన, చంకలోని గ్రంథులకు వ్యాపింపక, హార్మోనులకు లొంగు జాతి గడ్డ కలవారిలో చాలమందికి, హార్మోను మాత్రలు చాలుననియు, ఈ మందులు లేకున్నను ఫలితము తగ్గదనియు చూపినది. అందరికిని కాదు; ఎవరికి అవసరమో వైద్యుడు నిర్ణయింపవలసినదే. కాని బాధ వైద్యమునకు గుర్తు కాదని మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును. బాధను చెప్పుకొన్న స్త్రీ వైద్యమునకు ద్రోహము చేయుట లేదు. వదినకు ఎక్కించిన రెండవ మందు పసిఫిక్ తీరపు యూ చెట్టు బెరడు నుండి మొదట తీసినది. వ్రేలికొనల నరములను అది దెబ్బతీయుట వైద్యులందరు ఎరిగినదే. ముందుగా తెలిసినచో మోతాదు తగ్గింతురు, లేదా మార్చెదరు. తెలియక సాగినచో తిమ్మిరి ఏండ్లు నిలిచిపోవచ్చును.

జుట్టు సంగతి వదినకు ముఖ్యము కాలేదు గాని, అందరి కట్లు కాదు. తిరుమలలో మ్రొక్కు తీర్చి తలనీలాలు ఇచ్చిన స్త్రీ ఊరిలోనికి బోడితలతో నవ్వుచు వచ్చును. అదే తల మందువలన బోడియైన తలుపు వేసికొనును. తేడా జుట్టులో లేదు, ఇచ్చుటలోను పోగొట్టుకొనుటలోను ఉన్నది. మందు మొదలు కాక ముందే కొండకు పోయి తలనీలాలు ఇచ్చివచ్చినవారున్నారని విన్నాము. నలుగురు మ్రొక్కు అనుకొందురని కొందరు; పోవలసినదానిని తామే ఇచ్చితిమన్న తృప్తికై కొందరు. దీనిని మూఢత్వమని నవ్వుట మాకు చేతకాదు.

ఇక దాచుట. ఇంటిలో పెండ్లి కావలసిన కుమార్తె ఉన్నచో జబ్బు పేరే ఊరిలో పలుకరు. వంశమున పారునని భయము. రొమ్ము క్యాన్సరులో తల్లిదండ్రుల నుండి సంక్రమించిన జన్యుదోషము వలన కలుగునవి నూటికి అయిదు నుండి పది మాత్రమే. అంటుజబ్బు అసలే కాదు. అయినను కంచము వేరు చేయు ఇండ్లున్నవి. వీటిని గూర్చి వాదింప పనిలేదు. తప్పు అని చెప్పి దాటుదుము. కష్టమైనది వేరొకటి: జబ్బు పేరు ఆమెకే చెప్పకుండ దాచుట. "తెలిస్తే తట్టుకోలేదు" అందురు. ఈ మాట వెనుక ప్రేమ ఉన్నది, మేము కాదనము. కొందరు స్త్రీలు నిజముగానే, నాకేమియు చెప్పవద్దు, మీరే చూచుకొనుడని కోరుదురు. ఆ కోరికయు ఆమెదే గనుక గౌరవింపవలెను. కాని ఆమెను అడుగకయే ఆమె తట్టుకోలేదని తీర్పు చెప్పినచో, అది దయ యగునా? పేరు తెలియని జబ్బుకు బాధ చెప్పుకొనుట ఎట్లు? తల రాలుట, నోరు పూయుట, ఏడు దినములు దాటి పదునాలుగు దినములలోపల తెల్లకణములు పడిపోవుట, ఇవన్నియు దేనికో తెలియని స్త్రీ, ఆ దినములలో జ్వరము వచ్చినచో తెల్లవారి చూతమని పండుకొనును. ఆ జ్వరము తెల్లవారువరకు ఆగునది కాదు. వెంటనే ఆసుపత్రికి పోవలసినది. ఇచ్చట మర్యాద ప్రాణముమీదికి వచ్చును.

ఇంతవరకు వ్రాసి, ఇది కలిగినవారి నీతి కాదా యని మమ్ము మేమే ప్రశ్నించుకొంటిమి. పావగడ నుండి బెంగుళూరు 150 కిలోమీటర్లకు పైబడిన దారి. 1973లో ఏర్పడిన కిద్వాయి సంస్థ వంటి పెద్ద ఆసుపత్రులు అక్కడనే ఉన్నవి. 2023 జూన్ నుండి కర్ణాటక ప్రభుత్వపు సాధారణ బస్సులలో స్త్రీలకు టికెట్టు లేదు. కాని తోడు పోవు కుమారునికి టికెట్టు కలదు, అతని దినము కూలి పోవును, మగ్గము ఆగును. వదిన మౌనమునకు సిగ్గొక్కటే కారణము కాదని మాకు తరువాత తెలిసినది. ఆమె లెక్క వేసినది. ఒక బాధ చెప్పినచో ఒక పరీక్ష, ఒక ప్రయాణము, ఒక దినము. చెప్పనిచో ఏమియు ఖర్చు లేదు, ఖర్చంతయు ఆమె వ్రేలికొనలదే. ఇట్టి యింటిలో "ఎట్లుండావు?" అని అడుగుట తేలిక, ఆమె నిజము చెప్పినచో వచ్చు భారమును మోయుటకు సిద్ధపడి అడుగుట వేరు. ఆమె తన ప్రశ్నను వినకముందే మన ముఖము చూచును. బస్సు టికెట్టుకు, పోయిన కూలికి తలా ఒక చేయి వేసిన బంధువులు అడిగిన ప్రశ్నకు ఆమె ఇచ్చు సమాధానము వేరుగా ఉండును. కనుక ఇది కలిగినవారి నీతి కాదు; లేనివారి ఇంటిలో దీనికి ఎక్కువమంది కావలెను, అంతే.

వదిన ఇంటిలో దారి చూపినది ఆరవ తరగతి చదువు మనుమరాలు. ఆ పిల్లకు తెలుగు మాటలాడుట వచ్చును, తెలుగు అక్షరములు రావు. ఏడవ మారు బయలుదేరుటకు ముందునాటి రాత్రి అవ్వ చెప్పుచుండ, తెలుగు మాటలనే కన్నడ అక్షరములలో నోటుపుస్తకపు కాగితముమీద వ్రాసినది. మేము చూచితిమి. మొదటిది "నోట్లో పుండ్లు, కారం తినలేను." రెండవది "రాత్రి రెండు గంటలకు మెలకువ వస్తాది, మళ్ళీ నిద్ర లేదు." మూడవదానిలో ఒక మాట కొట్టివేసి పైన వేరొకటి వ్రాసియున్నది. పిల్ల మొదట "నొప్పి" అని వ్రాసినదట, అవ్వ ఒప్పుకొనక, "నొప్పి గాదు పాపా, జోము అని రాయి. పోగు తెలీదు అని గూడా రాయి" అన్నదట. వైద్యురాలు కన్నడిగ. కాగితమును తనలో తాను చదువుకొని, సగము అర్థమై, సగము వదిననే అడిగి, ఆమె చేతులు రెండును పట్టుకొని వ్రేలికొనలను ఒక్కొక్కటిగా నొక్కి, ఇది తెలియుచున్నదా, ఇది తెలియుచున్నదా అని పరీక్షించినదట. మందు నిలుపలేదు. మోతాదు తగ్గించిరి.

శస్త్రచికిత్సయు అయినది. తిమ్మిరి పూర్తిగా పోలేదు. కుడిచేతి రెండు వేళ్ళలో మిగిలియున్నది. అచ్చు అతుకుటకు ఇంకను కూర్చొనలేదు గాని, కండెలు చుట్టుచున్నది. మొన్న పోయినప్పుడు అన్న నడవలో కూర్చుండి మా ప్రశ్నకు సమాధానము చెప్పబోయి, ఆగి, వంటింటి వైపు చూచి, "నువ్వే చెప్పు" అనెను.